పేషెంటు చేతులు కట్టాల్సి వస్తే: రాత్రి డ్యూటీ సిస్టర్లకు జాగ్రత్తలు

అర్ధరాత్రి దాటాక పెద్దాయన ముక్కు పైపు లాగేస్తుంటారు. పక్కనున్న కొడుకు నిద్రకళ్లతో వచ్చి "కట్టేయండి సిస్టర్" అంటాడు. ట్రాలీలో రోలర్ బ్యాండేజీ ఉంది, వార్డు నిండా పేషెంట్లున్నారు. కట్టడం నిమిషం పని. కానీ కట్టిన చేతికి అడుగడుగునా ప్రమాదమే. పైగా గింజుకోవడానికి కారణమైన జబ్బు ఆ కట్టు కింద కనపడకుండా పోతుంది. అందుకే ముందు కారణం వెతకాలి.

పగలంతా బాగానే మాట్లాడిన మనిషి చీకటిపడ్డాక సొంతవాళ్లనే గుర్తుపట్టకుండా లేచి వెళ్లబోతుంటే అది మొండితనం కాదు, డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే తికమక. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టండి. ఆక్సిజన్ తగ్గినవాళ్లు మాస్కునే లాగేస్తుంటారు. గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే ఆ కంగారుకు మందు గ్లూకోజే. తర్వాత పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి. యూరిన్ పైపు మెలిపడో, రక్తం గడ్డ అడ్డంపడో మూసుకుపోతే మూత్రాశయం ఉబ్బి గట్టిగా తగులుతుంది. చెప్పుకోలేని మనిషి ఆ బాధకు పైపునే పీకుతారు. పైపు సరిచేయగానే చాలామంది పడుకుంటారు. నొప్పి మందు టైమ్ దాటిందేమో, విరేచనం అయి ఎన్ని రోజులైందో, జ్వరం ఉందేమో, సోడియం రిపోర్టు ఎంతుందో కూడా చూడాలి. కళ్లజోడు, చెవి మిషన్ బీరువాలో పెట్టేసి ఉంటే తీసి ఇవ్వండి.

మన వార్డుల్లో తరచూ తప్పిపోయే కారణం ఇంకొకటి ఉంది. యాక్సిడెంట్‌లో కాలు విరిగి చేరిన మనిషికి రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, దుప్పటి మీద లేనివి ఏరుతుంటారు. రోజూ తాగే అలవాటు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే స్థితి ఇది. సాధారణంగా చివరి గ్లాసు తర్వాత 48 నుంచి 96 గంటల మధ్య ముదురుతుంది. "ఆఖరుసారి ఎప్పుడు తాగారు?" అని అడ్మిషన్ రోజే ఇంటివాళ్లను పక్కకు పిలిచి అడిగి కేస్ షీట్‌లో రాయాలి. ఇలాంటి మనిషికి చికిత్స ఇవ్వకుండా కట్టేస్తే కట్టుతో పెనుగులాడి ఒళ్లు వేడెక్కుతుంది, కండరాలు చితికి కిడ్నీలు దెబ్బతినొచ్చు. డ్యూటీ డాక్టర్‌ను పిలిచి నెమ్మదింపజేసే లోరాజెపామ్ లాంటి మందు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ రాయించుకోవాలి. గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్ పడాలి. షుగర్ పడిపోయి ఉంటే మాత్రం థయమిన్ కోసం గ్లూకోజు ఆపకూడదు.

తర్వాత ఆ పైపు ఇంకా అవసరమా అని అడగండి. నోటితో తాగగలిగే మనిషికి సెలైన్ ఎందుకు? తీసేయగలిగిన పైపు తీసేస్తే కట్టాల్సిన పనే ఉండదు. కాన్యులాను (సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో పెట్టిన సన్న గొట్టాన్ని) బ్యాండేజీతో చుట్టి పొడుగు చేతుల చొక్కా కింద దాచొచ్చు, మెత్తటి చేతి తొడుగులు వేయొచ్చు, తెలిసిన మనిషిని మంచం పక్కన కూర్చోబెట్టొచ్చు. మంచం పక్క రెయిల్స్ అన్నీ ఎత్తేసి నిశ్చింతగా ఉండకండి. మంచం దిగనీయకుండా అలా ఎత్తడం కూడా కట్టడం కిందికే వస్తుంది. తికమకలో ఉన్నవాళ్లు వాటిని ఎక్కి దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

తెలివితో ఉండి, విషయం అర్థం చేసుకుని "నాకు ఈ పైపు వద్దు" అనే మనిషి సంగతి పూర్తిగా వేరు. ఆయన చికిత్స వద్దంటున్నారు, అది ఆయన హక్కు. డాక్టర్ వచ్చి మాట్లాడాలి. కొడుకు సంతకం పెట్టినా ఆ చేతులు కట్టకూడదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం అప్పటికప్పుడు ముంచుకొచ్చే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి. శిక్షగా కట్టకూడదు, స్టాఫ్ తక్కువున్నారనీ కట్టకూడదు. ఆ చట్టం మానసిక చికిత్సా సంస్థల కోసం రాసిందే అయినా, జనరల్ వార్డుకూ అంతకంటే మంచి కొలత లేదు. స్టాఫ్ చాలకపోతే ఆ సంగతి రాతపూర్వకంగా సూపరింటెండెంట్‌కు వెళ్లాలి, పేషెంటు మణికట్టు మీదికి కాదు.

వెంటిలేటర్ ట్యూబ్ పీకేసుకునే పరిస్థితిలో, ఇవన్నీ చేసినా లాభం లేక కట్టాల్సి వస్తే డాక్టర్ ఆర్డర్‌లో కారణం, ఎంతసేపు అన్నది ఉండాలి. "అవసరమైతే కట్టండి" అన్న ఆర్డర్ తీసుకోవద్దు. రోలర్ బ్యాండేజీ వాడొద్దు. లాగేకొద్దీ అది తాడులా సన్నబడి చర్మాన్ని, నరాన్ని నొక్కేస్తుంది. మెత్త పెట్టిన వెడల్పాటి పట్టీ కావాలి. పట్టీకీ మణికట్టుకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. కాన్యులా మీద పట్టీ పడకూడదు. కొసను రెయిల్‌కు కడితే రెయిల్ దించినప్పుడు చెయ్యి మెలిపడుతుంది. తలవైపు ఎత్తితే దానితోపాటే కదిలే ఫ్రేముకు కట్టాలి. ముడి బూటు లేసులా ఒక్క కొస లాగితే విడిపోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు రేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. గొలుసులను 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. వార్డులో పొగ వస్తే విప్పలేని ముడి కూడా అంతే ప్రాణాంతకం.

బోర్లా పడుకోబెట్టి ఎప్పుడూ కట్టొద్దు, ఊపిరి ఆడదు. వెల్లకిలా చదునుగా ఉంచితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టర్ వద్దనకపోతే తలవైపు 30 డిగ్రీలు ఎత్తండి. ప్రతి 15 నిమిషాలకూ వేళ్ల రంగు, వెచ్చదనం చూడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రెండు గంటలకోసారి ఒక్కో చెయ్యి విప్పి కీళ్లు కదిలించి, పక్కకు తిప్పి, మింగగలిగితే మంచినీళ్లిచ్చి, ఒంటికి రెంటికి చూసుకోవాలి. విప్పినప్పుడల్లా మళ్లీ కట్టే అవసరం ఉందా అని కొత్తగా ఆలోచించండి. నెమ్మదించి ఉంటే అక్కడితో ఆపేయండి.

కట్టిన టైమ్, ముందు ఏమేం ప్రయత్నించారు, ఇంటివాళ్లకు ఎవరు చెప్పారు, విప్పిన టైమ్ కేస్ షీట్‌లో ఉండాలి. పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా ఇద్దరూ మంచం దగ్గరికెళ్లి, దుప్పటి తీసి, పట్టీ జరిపి మణికట్టు కింది చర్మం కళ్లారా చూడండి.