ముందు బుల్లెట్, తర్వాత పౌడర్

"అక్కా, ఏ పౌడర్ కొనమంటావు?" రీలోడింగ్, అంటే కాల్చేసిన తూటా గొట్టాల్లో (కేసుల్లో) మళ్లీ పౌడర్ అనే మందు పోసి పైన బుల్లెట్ బిగించడం, మొదలుపెట్టే ప్రతివాళ్లూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. పౌడర్ సంగతి తర్వాత. ముందు బుల్లెట్ తేలాలి, అది తేలాలంటే మీ తుపాకీ కొలత తెలియాలి.

మాది టెక్సస్. నాది .357 మాగ్నమ్ రివాల్వర్, అందులో ఎక్కువగా .38 స్పెషల్ తూటాలే వాడతాను. మా ఆయనది .45 ఏసీపీ పిస్టల్. రెండింటికీ పోత సీసం బుల్లెట్లే. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో తూటాలు కట్టుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారీ నేరం. అక్కడున్నవాళ్లు చదివి వదిలేయండి, చేతులు పెట్టకండి.

రాగి తొడుగున్న బుల్లెట్ కంటే సీసం బుల్లెట్ అంగుళంలో వెయ్యో వంతు లావుండాలి. .38కి తొడుగు బుల్లెట్ 0.357 అంగుళాలైతే సీసానిది 0.358. 9 ఎం.ఎం.కి 0.355, 0.356. .45కి 0.451, 0.452. ఇవి మామూలు కొలతలు, మీ బ్యారెల్ వేరుగా ఉండొచ్చు. రివాల్వర్‌కి సులువైన పరీక్ష ఒకటుంది. ఖాళీ సిలిండర్ బయటికి తీసి, ప్రతి గది ముందు రంధ్రంలోనూ బుల్లెట్ పెట్టి వేలితో నెట్టండి. కొంచెం ఒత్తితే దిగాలి. దానంతటదే జారిపోతే బుల్లెట్ సన్నం. ఎంత నొక్కినా కదలకపోతే ఆ రంధ్రమే ఇరుకు, అలాంటి సిలిండర్ బుల్లెట్‌ని సన్నగా నొక్కేసి బ్యారెల్‌లోకి పంపుతుంది. పిస్టల్‌కైతే మెత్తటి సీసం ముక్కను బ్యారెల్‌లోంచి నెట్టి మైక్రోమీటర్‌తో కొలవాలి. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ బ్యారెళ్లలో బుల్లెట్‌ని తిప్పే మెలి గాడులు ఐదు కాబట్టి ఎదురెదురుగా కొలత దొరకదు. అందుకే నేను సిలిండర్ పరీక్షనే నమ్ముతాను.

బ్యారెల్‌కి సీసం అంటుకుంటోందని గోల పెట్టేవాళ్లలో చాలామంది ఇంకా గట్టి బుల్లెట్ కొంటారు. సాధారణంగా తప్పు గట్టితనంలో ఉండదు, లావులో ఉంటుంది. గాస్కెట్ వదులైన కుక్కర్ పక్కనించి ఆవిరి వదిలినట్టు, సన్నటి బుల్లెట్ పక్కనించి వేడి గ్యాస్ దూసుకెళ్లి సీసాన్ని కోసేస్తుంది. ఆ సీసమే బ్యారెల్ గోడలకి పేరుకుంటుంది.

గట్టితనాన్ని బ్రినెల్ అంకెల్లో చెబుతారు. శుద్ధ సీసం సుమారు 5. పాత కారు చక్రాల బరువులు కరిగిస్తే 12 దరిదాపు. యాంటిమొనీ, తగరం కలిపి కంపెనీలు "హార్డ్ కాస్ట్" పేరుతో అమ్మేది 15 వరకు ఉంటుంది. అచ్చు అక్షరాల లైనోటైప్ లోహం 22. బ్రినెల్ అంకెను 1,422తో గుణిస్తే, బుల్లెట్ అడుగు ఉబ్బి బ్యారెల్‌ని మూసే పీడనం వస్తుందని పాతవాళ్లు లెక్క కడతారు. .38 స్పెషల్ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. అంటే 12 అంకె సీసమే దానికి సరిపోయింది. నాలాగా మెత్తటి, అంటే తక్కువ పీడనం తూటాలు కాల్చేవాళ్లు 22 బుల్లెట్ కొనడం డబ్బు దండగ. .357 మాగ్నమ్, 9 ఎం.ఎం. రెండూ 35,000 వరకు వెళ్తాయి కాబట్టి వాటికి 15, దాంతోపాటు అడుగున గ్యాస్ చెక్ అనే రాగి బిళ్ల గానీ పైన పూత గానీ ఉంటే నయం. ఆ గుణకారం ఒక అంచనా మాత్రమే. కొలత కుదిరితే 15 బుల్లెట్ కూడా ఈ లెక్క చెప్పేదానికంటే ఎక్కువ పీడనం తట్టుకుంటుంది.

తేనెమైనం కలిపిన లూబ్ (జారుడు కోసం రాసే జిడ్డు) రాసిన బుల్లెట్లు బాగా పొగ పెడతాయి. ఇండోర్ రేంజ్‌లో పక్క లేన్ వాళ్లు దగ్గుతుంటే మనకే సిగ్గు. అక్కడికి నేను పౌడర్ కోట్ చేసినవే తీసుకెళ్తాను, ఇది తుపాకీ మందు కాదు, బుల్లెట్ మీద వేడిచేసి అంటించే రంగు పూత. కాగితం టార్గెట్‌కి 148 గ్రెయిన్ల (గ్రెయిన్ చిన్న బరువు కొలత) వాడ్‌కట్టర్ అనే చదును ముక్కు బుల్లెట్, గుండ్రటి రంధ్రం శుభ్రంగా పడుతుంది. మిగతా వాటికి 158 గ్రెయిన్ల సెమీ వాడ్‌కట్టర్, దాని ముక్కు సన్నబడి కొన చదునుగా ఉంటుంది. .45లో 230 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు బుల్లెట్ దాదాపు ప్రతి పిస్టల్‌లోనూ సాఫీగా ఎక్కుతుంది. గ్లాక్ పిస్టల్ ఉన్నవాళ్లు సీసం ఆలోచన చేసేముందు దాని మాన్యువల్ చదవండి.

ఇక పౌడర్. .38 స్పెషల్ కేస్ బ్లాక్ పౌడర్ అనే పాతరకం తుపాకీ మందు కాలంలో పుట్టింది, అందుకే అంత పొడుగు. ఈనాటి పౌడర్ దాని అడుగున కాస్తే ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు, రివాల్వర్ మాత్రం పగిలిపోవచ్చు. అందుకే మొదటి డబ్బా ఎంచేటప్పుడు నేను చూసేది చవకా ఖరీదా అని కాదు, కేస్‌లో కంటికి కనబడుతుందా అని. టైట్‌గ్రూప్ అనే పౌడర్ పొదుపైనదే, కానీ చిక్కటిది, అడుగున ఎక్కడో దాక్కుంటుంది. కొత్తవాళ్లకి నేను చెప్పను. యూనిక్ అనేది గుల్లగా ఉండి బాగా నిండుతుంది, కాకపోతే రేకుల్లా ఉండటంతో మెజర్ అనే కొలిచే పరికరంలోంచి ప్రతిసారీ ఒకేలా పడదు. నేను వాడేది హెచ్‌పీ-38. సన్నటి గింజ, సమంగా పడుతుంది, .45కీ పనికొస్తుంది. వించెస్టర్ 231 కూడా ఇదే పౌడర్, లేబుల్ వేరు. ఒకటి దొరక్కపోతే రెండోది తీసుకోండి.

హెచ్-110 పౌడర్ జోలికి మాత్రం మెత్తటి తూటాల కోసం వెళ్లొద్దు. అది నిండు మాగ్నమ్ తూటాలకే. తగ్గించి పోస్తే సరిగ్గా మండక బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. ఏ తూటా అయినా "టుప్" మని బలహీనంగా పేలితే రెండోది కాల్చకుండా ఆపి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ చూడండి.

ఎన్ని గ్రెయిన్లు పోయాలో ఇక్కడ రాయను, ఎవరి నోటిమాటా తీసుకోకండి. పౌడర్ కంపెనీల వెబ్‌సైట్లలో లెక్కలు ఉచితంగానే ఉంటాయి. అదే పౌడర్, అదే బరువు, అదే ఆకారం సీసం బుల్లెట్ ఉన్న వరుస చూసి, అందులో ఉన్న ప్రారంభ కొలతతో మొదలుపెట్టండి. ఆకారం ఎందుకంటే, వాడ్‌కట్టర్ కేస్ లోపలికి బాగా దిగి కూర్చుంటుంది. చోటు తగ్గితే పీడనం పెరుగుతుంది. కేసులు ట్రేలో పెట్టి పౌడర్ పోశాక, బుల్లెట్ పెట్టకముందే టార్చ్ వేసి ఒక్కోదాన్నీ చూడండి. ఫోన్ పక్క గదిలో ఉండాలి.

సీసం మెత్తన కాబట్టి కేస్ మూతిని కాస్త విప్పార్చకపోతే అంచు బుల్లెట్‌ని చెక్కేస్తుంది. రివాల్వర్ తూటాకి కేస్ అంచుని బుల్లెట్ మీది గాడిలోకి మడిచే రోల్ క్రింప్ వేయాలి. .45 తూటా కేస్ మూతి మీదే గదిలో ఆనుకుంటుంది, దానికి అంచు మడవకుండా కాస్త లోపలికి నొక్కే టేపర్ క్రింప్ చాలు. కట్టిన తూటాని విడిగా తీసిన బ్యారెల్‌లో వేస్తే టక్కున దిగి, తిప్పితే తిరగాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసం కరిగించే పని పెట్టుకోకండి, పోసినవే కొనుక్కోండి. కొన్నవైనా పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే గ్లాసు కూడా ముట్టొద్దు. బుల్లెట్లు మొదట వంద ప్యాకెట్ తెప్పించి చూడండి, వెయ్యి డబ్బా తర్వాత. పౌడర్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు రవాణా) ఫీజు అదనం, కాబట్టి ఒక్క పౌండ్ డబ్బా దగ్గర్లోని షాపులో కొనడమే లాభం. పౌండుకి 7,000 గ్రెయిన్లు, తూటాకి నాలుగు చొప్పున వేసుకున్నా 1,750 తూటాలు.