47 నంబరు ఇల్లు: ఆర్కైవ్స్‌లో ఒక మహానగరాన్ని వెతకడం ఎలా

మొదటిసారి, పాత ఆఫీసు కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌కి వెళ్లినప్పుడు, కౌంటర్ దగ్గరున్నావిడ ఏం చూద్దామని వచ్చారని అడిగితే, "ఈ నగరం చరిత్రండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు, పాపం. "లోపలున్న అరలు వరసగా పేరిస్తే కిలోమీటర్ల పొడవుంటాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం?" అన్నారు. ఆ పూటంతా క్యాటలాగ్ ముందు కూర్చుని, ఏవో రెండు కట్టలు తెప్పించుకుని, అర్థంకాని చేతిరాత చూసి ఇంటికొచ్చేశాను.

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ప్రశ్న సరిగ్గా చదవకుండా లెక్క మొదలుపెట్టకండిరా అని పిల్లల్ని ఎన్నిసార్లు కసురుకున్నానో! తీరా నేను చేసింది అదే తప్పు.

రెండోసారి వెళ్లినప్పుడు నా దగ్గర ఒక పాత కార్డు ఉంది. మా తాతయ్య పెళ్లికాక ముందు ఆ నగరంలో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేశాడు. అక్కణ్ణుంచి వాళ్లమ్మకి రాసిన ఉత్తరాల్లో ఈ ఒక్క కార్డే మిగిలింది. దాని మీద వీధి పేరు, 47 అని ఇంటి నంబరు, "మేడమీది గది" అన్న మాట ఉన్నాయి. ఆ ఇల్లు ఎక్కడుండేది, ఎలా ఉండేది, అందులో ఇంకెవరుండేవాళ్లు? ఇంత చిన్న ప్రశ్న పట్టుకుని కదిలితే కుళాయిలు, మురుగుకాలవలు, అద్దెలు, పన్నులు, నగరపాలక సంస్థలో తగాదాలు అన్నీ వెంట వచ్చాయి. మీరు కూడా ఒక ఇల్లో, వంతెనో, సినిమా హాలో, ఏదో ఒక రోజు జరిగిన అగ్నిప్రమాదమో ఎంచుకుని వెళ్లండి.

ఇక అసలు సంగతి. లైబ్రరీకి అలవాటుపడ్డ మనం ఆర్కైవ్స్‌లో కూడా విషయాన్నిబట్టి వెతుకుతాం. లైబ్రరీలో వైద్యం పుస్తకాలు ఒకచోట, వంటల పుస్తకాలు ఒకచోట ఉంటాయి. ఆర్కైవ్స్‌లో అలా ఉండవు. ఏ ఆఫీసులో పుట్టిన కాగితాలు ఆ ఆఫీసు పేరు కిందే, చాలావరకు వాళ్లు పెట్టుకున్న వరసలోనే ఉంటాయి. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం తన డిపార్ట్‌మెంట్ల (మన జిల్లాల్లాంటివి) ఆర్కైవ్స్‌లో కాగితాల్ని ఇలా పుట్టిన ఆఫీసు కిందే ఉంచమని ఆదేశమిచ్చింది. తర్వాత చాలా దేశాలు అదే దారిలో నడిచాయి. అందుకని "అద్దె ఇళ్లు" అని పేరున్న కట్ట కోసం వెతికితే దొరక్కపోవచ్చు. ఈ ఇంటి గురించి రాసుకోవాల్సిన అవసరం ఎవరికి పడింది అని ఆలోచించాలి. పన్ను వేసినవాళ్లకి పడింది. నీళ్లిచ్చినవాళ్లకి, మురుగుకాలవ కలిపినవాళ్లకి పడింది. కట్టడానికి అనుమతిచ్చినవాళ్లకి, బీమా చేసినవాళ్లకి, జనాభా లెక్క రాసుకున్నవాళ్లకి పడింది. ఇంటి కోసం అన్నదమ్ములు కొట్టుకుని ఉంటే కోర్టుకి కూడా పడింది.

న్యూయార్క్‌నే చూడండి. 1939 నుంచి 1941 దాకా ఆ నగరంలో ఉన్న ప్రతి భవనాన్నీ ఫోటో తీశారు. నగరం అందాన్ని దాచుకుందామని కాదు, పన్ను సరిగ్గా వేయడానికి. చాలా ఫోటోల్లో ఒక పలక మీద ఆ స్థలం నంబరు కనిపిస్తుంది. ఆ బొమ్మలన్నీ ఇప్పుడు అక్కడి మునిసిపల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో తమ పాత ఇంటిని వెతుక్కునేవాళ్లకి ఆ పన్నులవాళ్లు తెలియకుండానే ఎంత మేలు చేశారో!

బయల్దేరే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని కొంత ఉంది. ఆ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో క్యాటలాగ్ ఉంటే అందులో వెతికి, మీకు కావలసినవాటి నంబర్లు రాసుకోండి. కొన్ని ఇప్పటికే స్కాన్ చేసి పెట్టి ఉంటారు, వాటికోసం అంతదూరం వెళ్లనక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి: క్యాటలాగ్‌లో మాటలు ఆ కాలంవాళ్ల మాటలు. మనం ఈరోజు "మానసిక చికిత్సాలయం" అనేదాన్ని వాళ్లు పిచ్చాసుపత్రి అని రాశారు. నగరాల పేర్లే మారిపోతుంటాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో మళ్లీ మొదటి పేరుకొచ్చింది. వీధుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ వీధికి ఎన్ని పేర్లుండేవో ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

ఫోన్ చేసో, ఈమెయిల్ రాసో మూడు విషయాలు అడగండి: గుర్తింపు కార్డు ఏది తేవాలి, కాగితాలు ఎన్ని రోజుల ముందు అడగాలి, ఫోటోలు తీసుకోనిస్తారా. రెండోది అన్నిటికంటే ముఖ్యం. కొన్ని కట్టలు వేరేచోట గోదాముల్లో ఉంటాయి. పొద్దున వెళ్లి అడిగితే మధ్యాహ్నానికి రావు, రెండు మూడు రోజులు పడుతుంది.

లోపలికి వెళ్లేటప్పుడు సంచి, గొడుగు, నీళ్ల సీసా సాధారణంగా లాకర్‌లో పెట్టించేస్తారు. పెన్ను కుదరదు, పెన్సిల్ మాత్రమే. సిరా మరక పడితే పోదు మరి. చాలాచోట్ల పెన్సిల్ చెక్కుకునే మర కూడా రానివ్వరు, అందుకని రెండు మూడు చెక్కి తీసుకెళ్లండి. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లవుజులు ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వలేదు. గ్లవుజుతో కాగితం పట్టు తెలియక చిరిగే ప్రమాదం ఎక్కువట, శుభ్రంగా కడుక్కుని ఆరబెట్టుకున్న చేతులే మేలట. ఫోటోలు పట్టుకునేటప్పుడు మాత్రం గ్లవుజులు వేసుకోమన్నారు. పెద్ద రిజిస్టర్లని స్పాంజి దిమ్మల మీద ఆనించి, పేజీ మూసుకోకుండా పొడుగ్గా పాములాంటి బరువు సంచి పెడతారు. పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. మొదటి గంటలోనే పర్యవేక్షకుడు మెల్లగా దగ్గరికొచ్చి వద్దమ్మా అన్నాడు. కట్టలో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో ఉంచాలి. తేదీలు తప్పుగా ఉన్నాయని సర్దాలనిపిస్తుంది, నాకైతే చేతులు దురద పెట్టాయి. సర్దకండి. అలా ఎందుకున్నాయన్నది కూడా ఒక ఆధారమే.

ముందు మ్యాపులు అడగండి. మామూలు మ్యాపులు కాదు, బీమా కంపెనీల కోసం వేసినవి. అగ్నిప్రమాదం ఎక్కడ ఎక్కువో తెలుసుకోవడానికి అమెరికాలో శాన్‌బార్న్ అనే సంస్థ 1867 నుంచి నగరాలు, ఊళ్ల మ్యాపులు వేసింది. బ్రిటన్‌లో గోడ్ మ్యాపులు ఇలాంటివే. వాటిలో ఇటుక ఇల్లు గులాబీ రంగు, చెక్క ఇల్లు పసుపు, రాతి ఇల్లు నీలం. ఎన్ని అంతస్తులో అంకె వేసి ఉంటుంది. బేకరీనా, లాయమా, గిడ్డంగా అన్నది కూడా రాసి ఉంటుంది. ఒక వీధి మ్యాపులో పసుపంతా ఒక మూలకి చేరి ఉంటే అక్కడ ఎవరుండేవాళ్లో వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో తమాషా: ఇల్లు మారినప్పుడు కొత్త మ్యాపు వేయకుండా, మారినంత మేర చిన్న కాగితం ముక్క పాతదాని మీద అంటించేవాళ్లు. పక్కకి వంగి చూస్తే ఆ అతుకులు ఎత్తుగా కనిపిస్తాయి. ఒక చోట మూడు పొరలున్నాయంటే ఆ స్థలం మూడుసార్లు మారినట్టు. అందుకే స్కాన్ చూసినా, వీలైతే అసలుది ఒకసారి చూడమంటాను.

మ్యాపు తర్వాత డైరెక్టరీలు. ఏ వీధిలో ఏ నంబరులో ఎవరున్నారో, ఏం వ్యాపారమో ఏటా అచ్చేసే లావుపాటి పుస్తకాలు. వివరాలు ముందు ఏడాది సేకరించినవి కావడం మామూలే, కాబట్టి పైనున్న సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకండి. నాకు దెబ్బ తగిలింది కూడా ఇక్కడే. మా 47 నంబరు ఒక డైరెక్టరీలో బట్టల కొట్టు, ఆరేళ్ల తర్వాతి దాంట్లో పాఠశాల! మేడ కూడా లేదు. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక అక్కడి కాగితాల బాధ్యత చూసే ఆర్కివిస్టు ఒక్క మాటన్నారు: "మధ్యలో నంబర్లు మార్చారండీ."

ఇది చాలా మహానగరాల్లో జరిగిన పనే. షికాగోలో 1909లో ఇళ్ల నంబర్లు మార్చేశారు. అంతకుముందు కాగితంలో ఉన్న చిరునామా పట్టుకుని ఇవాళ ఆ వీధిలోకి వెళ్తే వేరే ఇంటి ముందు నిలబడతారు. పాత నంబరుకి కొత్త నంబరు చూపించే పట్టిక కొన్ని నగరాల్లో ఉంటుంది, ముందు దానికోసం అడగండి. నాకు అది దొరకలేదు. దాంతో కదలనివాటిని పట్టుకున్నాను. గుడి, బడి, పోస్టాఫీసు లాంటివి అంత తొందరగా చోటు మారవు. పాత డైరెక్టరీలో పోస్టాఫీసు 39, కొత్త దాంట్లో 96. పోస్టాఫీసు నుంచి మా ఇల్లు అదే వరసలో నాలుగోది, బేసి నంబర్లన్నీ అటువైపే. కొత్త పద్ధతిలో సరి నంబర్లు అటువైపు వచ్చాయి. అంటే 96 తర్వాత 98, 100, 102, 104. మ్యాపు మీద ఇళ్లు లెక్కపెట్టి చూస్తే సరిపోయింది. ఎంత ఆనందమేసిందో! రిటైరయ్యాక అంత మంచి లెక్క చేయలేదు.

ఫోటోలు తీసేటప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదటి రోజు రెండు వందల పైచిలుకు ఫోటోలు తీసుకున్నాను. ఇంటికొచ్చాక ఏ పేజీ ఏ కట్టలోదో తెలియలేదు. మళ్లీ వెళ్లి అన్నీ తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి కట్టకీ ముందు దాని మీద నంబరున్న చీటీని ఫోటో తీసి, తర్వాతే లోపలి పేజీలు తీస్తున్నాను. ఏమీ దొరకని కట్ట నంబరు కూడా "ఇందులో లేదు" అని రాసుకోండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత దాన్నే మళ్లీ అడుగుతారు.

ఆర్కివిస్టుతో మాట్లాడ్డానికి మొహమాటపడకండి. మీ పరిశోధన వాళ్లు చేసిపెట్టరు గానీ, ఏ కాగితం ఎక్కడ దాక్కుంటుందో వాళ్లకి తెలిసినట్టు క్యాటలాగ్‌కి తెలియదు. "మా తాతయ్య గురించి ఏమైనా ఉందా?" అంటే వాళ్లేం చెప్పగలరు? "ఈ వీధి, ఈ ఏళ్లు, డైరెక్టరీలు చూశాను, పన్ను పుస్తకంలో యజమాని పేరే ఉంది, అద్దెకున్నవాళ్లు కావాలి" అని చెప్పండి. నేను అలా అడిగినప్పుడు ఆవిడ కాసేపు ఆలోచించి, మురుగుకాలవల విభాగం తనిఖీ కాగితాలు చూడమన్నారు.

నాకది తట్టేది కాదు. ఇల్లున్నవాడి పేరు పన్ను పుస్తకంలో, రిజిస్ట్రేషన్‌లో, ఓటర్ల జాబితాలో అన్నిట్లో ఉంటుంది. అద్దెకున్నవాడు కాగితం ఎక్కాలంటే ఏదో ఒక ఇబ్బంది రావాలి. జబ్బు చేయాలి, పోలీసులు రావాలి, అద్దె ఎగ్గొట్టాలి, కాలవ పొంగాలి. మా వీధిలో కాలవ పొంగింది. పక్కింటివాళ్లు ఫిర్యాదు రాశారు, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఒకటిన్నర పేజీ రాసుకున్నాడు. 47లో మేడమీద రెండు గదులు, వాటిలో తొమ్మిది మంది, అందరూ అచ్చాఫీసు పనివాళ్లు, కింద ఉన్న ఒకే కుళాయి అందరికీ. పేర్లు రాయలేదు. ఆ తొమ్మిది మందిలో మా తాతయ్య ఉన్నాడో లేదో ఆ కాగితం చెప్పదు. తేదీ మాత్రం కార్డు మీది తేదీకి నాలుగు నెలల తర్వాతది.

కొన్ని అసలు దొరకవు, దానికి సిద్ధపడాలి. పారిస్‌లో 1871 మేలో నగర భవనం తగలబడినప్పుడు 1860కి ముందటి జనన మరణ రిజిస్టర్లు కాలిపోయాయి. రెండో ప్రతి భద్రంగా ఉంచిన న్యాయస్థాన భవనం కూడా ఆ రోజుల్లోనే తగలబడింది. తర్వాత మూడో వంతు మాత్రం తిరిగి రాయగలిగారు. అదంతా పాత సంగతి అనుకోడానికి లేదు. 2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్‌లో నగర ఆర్కైవ్స్ భవనమే కూలిపోయింది. దాని ముందు భూగర్భ రైలు మార్గం పనులు జరుగుతున్నాయి. శిథిలాల్లోంచి చాలా కాగితాలు బయటికి తీశారు గానీ వాటిని బాగుచేసే పని దశాబ్దాల పాటు సాగేదే. ఇంకొన్ని ఉండి కూడా చూపించరు. అమెరికా జనాభా లెక్కల్లో మనుషుల పేర్లతో ఉన్న పత్రాలు 72 ఏళ్లు మూసి ఉంచుతారు, అందుకే 1950వి 2022లో తెరిచారు. ఇంగ్లండులో అది వందేళ్లు. ఆసుపత్రి కాగితాలకీ కేసు ఫైళ్లకీ ఇలాంటి గడువులే ఉంటాయి. ఫలానా కట్ట ఎప్పుడు తెరుస్తారో అడిగి రాసుకోండి.

చేతిరాత భయపెడితే, అదే రిజిస్టర్లో మీకు తెలిసిన మాటలు, నెలల పేర్లు, వీధి పేరు ముందు గుర్తుపట్టండి. ఆ గుమాస్తా అక్షరాలు ఎలా రాస్తాడో పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది. నా పిల్లల జవాబు పత్రాలు దిద్దిన కళ్లకి ఇదో లెక్కా?

ఏ అచ్చాఫీసో ఇంకా తేలలేదు. కార్ఖానాల తనిఖీ రిజిస్టర్లు మూడు సంపుటాలున్నాయట, గోదాములో. వచ్చే మంగళవారానికి తెప్పించమని రాశాను, వస్తాయని నిన్న జవాబొచ్చింది. లాకర్ కోసం చిల్లర తీసి పక్కన పెట్టుకున్నాను, పెన్సిళ్లు మూడు చెక్కాను.