కుక్కపిల్లతో రోజూ వాకింగ్ – 3వ పాఠం: లీష్ బిగిస్తే అడుగు పడదు

ఇంట్లోనే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తొడగడం, పేరు పిలిస్తే తల తిప్పి చూడటం గత రెండు పాఠాల్లో అయ్యాయి. ఇక గేటు దాటుదాం.

అంతకంటే ముందు టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక కుక్క జబ్బులకు వేసే టీకా 6–8 వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాల దాకా సాగుతుంది. రేబిస్ టీకా మామూలుగా మూడు నెలల వయసులో వేస్తారు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి, డాక్టరు సరేననేదాకా పిల్లను వీధిలో కింద వదలకండి. అప్పటిదాకా ఎత్తుకుని తిప్పినా లాభమే. ఆటో హారన్లు, కూరగాయల బండి కేకలు దాని చెవులకు అలవాటవుతాయి.

లీష్, అంటే కుక్కను పట్టుకుని నడిపించే తాడు, 5–6 అడుగులుంటే చాలు. లాగేకొద్దీ సాగే రకం ఇప్పుడే కొనకండి. లాగితే ఇంకాస్త దారి దొరుకుతుందని అది రోజూ నేర్పుతుంది, మనం నేర్పాల్సింది సరిగ్గా దానికి ఎదురు. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోవద్దు, పిల్ల ఒక్కసారిగా ఉరికితే చెయ్యి బెణుకుతుంది.

గేటు బయటికి రాగానే లాబ్రడార్ పిల్ల కరెంటు స్తంభం వైపు దూకిందనుకుందాం. లీష్ బిగిసింది. మీరు ఉన్నచోటే ఆగిపోండి. వెనక్కి గుంజొద్దు, అరవొద్దు, పేరు పెట్టి పదేపదే పిలవొద్దు. పిల్ల ఇంకాస్త లాగుతుంది, కుయ్‌మంటుంది, ‘ఏమైంది వీళ్లకి?’ అన్నట్టు వెనక్కి చూస్తుంది. చూసేసరికి లీష్ వదులై మధ్యలో కిందికి వేలాడుతుంది. ఆ క్షణంలోనే ‘శభాష్’ అని, బహుమతిగా చిన్న తిండి ముక్కను మీ మోకాలి పక్కన పెట్టి తినిపించండి. ముందుకు చెయ్యి చాపి ఇస్తే అది ముందే ఉండిపోతుంది, పక్కకు రావడం నేర్చుకోదు. తిన్నాక మళ్లీ నడవండి. మొదటిరోజు పక్కింటి గేటు దాకా కూడా వెళ్లలేకపోవచ్చు. వాచ్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.

ఇది పనిచేయాలంటే ఇంట్లో అందరిదీ ఒకటే రూలు. పొద్దున మీరు ఆగి, సాయంత్రం తాతగారు జాలిపడి స్తంభం దాకా దాని వెంట వెళ్తే పాఠం నిలవదు. ‘ఇంకొంచెం గట్టిగా లాగితే పనవుతుంది’ అన్నదే దానికి వంటబడుతుంది.

ముక్కంటే శనగగింజంత. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌కు మించింది లేదు, మాంసం వండని ఇళ్లలో పనీర్ చాలు. ఆ మేరకు భోజనం తగ్గించండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు.

హుషారు తగ్గాలని స్కూటీ పక్కన పిల్లను పరుగెత్తించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాని ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. వయసు నెలకు 5 నిమిషాల చొప్పున, నాలుగు నెలల పిల్లకు ఒక విడతకు 20 నిమిషాలని చాలామంది లెక్క చెబుతారు. అది కచ్చితమైన నియమం కాదు గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. పిల్లను అలసిపోయేలా చేసేది దూరం ఒక్కటే కాదు, ముక్కు పని కూడా. లీష్ వదులుగా పది అడుగులు నడిచిందా, ‘వెళ్లు, చూడు’ అని చెట్టు మొదలు దగ్గర తీరిగ్గా వాసన చూడనివ్వండి. చికెన్ ముక్క కంటే ఇదే పెద్ద బహుమతి అనిపించే పిల్లలూ ఉంటాయి.

వేసవిలో ఎండ ముదరక ముందే తిరిగొచ్చేయాలి. తారురోడ్డు మీద అరచేతి వెనకవైపు 7 సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. వానాకాలంలో ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి.

ఈ వారం అభ్యాసం: రోజుకు రెండు విడతలు, ఒకే వీధి, ఒకే దారి. మల మూత్రాలు అయ్యాకే పాఠం మొదలు. వీధికుక్కలు ఎదురైతే ఏం చేయాలో 4వ పాఠంలో వివరంగా ఉంటుంది. ఈలోపు దూరాన అవి కనిపిస్తే వాటి కళ్లలోకి చూడకుండా, పరుగెత్తకుండా పక్క సందులోకి తిరగండి.