జీడిపిక్క లోగో తెల్ల డబ్బా అయిపోయింది

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకి సరుకు లెక్కలు చూసే యాప్ చేశాం, ముగ్గురం. లోగో నేనే గీశాను: జీడిపిక్క వంపు, ఆకుపచ్చలోంచి పసుపులోకి జారే రంగు, సన్నటి గీతలు. లాప్‌టాప్‌లో చూసుకుని తెగ మురిసిపోయాను.

ఫోన్ నోటిఫికేషన్‌లో మాత్రం తెల్ల డబ్బా! కారణం దొరికేసరికి రెండు రాత్రులు పోయాయి. ఆండ్రాయిడ్ అక్కడి చిన్న ఐకాన్‌లో రంగులు పట్టించుకోదు. ఏ భాగం పారదర్శకం, ఏది కాదన్నదే చూస్తుంది. నా బొమ్మ వెనక నిండు బ్యాక్‌గ్రౌండ్ ఉంది మరి. దాన్ని తీసేసి, అడ్డంగా 24, నిలువుగా 24 గడులున్న గ్రిడ్‌లో లావు గీతతో పిక్క ఒక్కటే మళ్లీ గీశాను. ఇదే బాగుందన్నారు మావాళ్లు. (నాకు కాస్త ఉక్రోషం వచ్చిందనుకోండి.)

తర్వాత శ్రీకాకుళంలో ఫ్లెక్సీ. షాపాయన కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు పేరులో ఒత్తులు విడిపోయి పక్కకొచ్చేశాయి. "ఈ ఫాంటు మా దగ్గర లేదు బాబూ" అన్నాడు. అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా మార్చి పంపితే ఒక్క ఒత్తూ కదల్లేదు. తెరమీద మెరిసే ఆకుపచ్చ అచ్చుకి వాడే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) ఇంకుల్లో రాదు, మసకబారుతుంది. అందుకని ముదురు ఆకుపచ్చకి మారి, ముందు జానెడు ముక్క మీద కొట్టించి చూసుకున్నాను.