మృగశిర రాకముందే కారు కింద చూసుకోండి

మా గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలన్నా, లాకుల తలుపులు బాగుచేయాలన్నా అప్పుడే. నీళ్లు వదిలాక ఇక చేయి పెట్టే వీలుండదు. పాత కారు అడుగుభాగం సంగతీ అంతే. రోహిణి కార్తె ఎండలకు రేకు మడతల్లో దాక్కున్న తడి కూడా ఆరిపోతుంది. చినుకులు మొదలయ్యాక తుప్పు పట్టకుండా అడుగున కోటింగ్ వేయిస్తే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే.

మా నాన్నగారి 1986 నాటి అంబాసిడర్‌కి నేను సరిగ్గా ఆ పనే చేశాను. తొలకరి పడిన వారానికి ఓ షెడ్డులో కింద మందంగా తారు కోటింగ్ కొట్టించాను. నల్లగా నిగనిగలాడింది. మరుసటి వేసవిలో డ్రైవర్ సీటు కింద స్క్రూడ్రైవర్‌తో నొక్కితే తారు ఊడొచ్చింది, దానికి అంటుకుని రేకు కూడా పెచ్చులుగా లేచింది. తారు పగిలిన చోట నీళ్లు దూరాయి, పోయే దారి లేక లోపల్లోపలే తినేశాయి.

అంబాసిడర్‌కీ, ప్రీమియర్ పద్మినికీ జీపులాగా విడి ఛాసిస్, అంటే బండిని మోసే వేరే ఇనుప చట్రం, ఉండదు. నేల రేకు, దాని కింద పెట్టె దూలాలు, తలుపుల కింద పొడుగునా పోయే గుల్ల భాగం... బండి బరువంతా వీటిమీదే. ఇవి పుచ్చిపోతే పైన ఎంత మంచి పెయింటు వేయించినా లాభం లేదు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే. ఉన్న రేకును నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉంది.

మన దగ్గర అసలు శత్రువు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి అందరికీ తెలిసిందే, రొయ్యల చెరువుల సంగతే చాలామంది మరిచిపోతారు. రొయ్యలు పట్టే రోజుల్లో వ్యాన్లు ఉప్పునీళ్లు కార్చుకుంటూ వెళ్లిన రోడ్డు మీద మన చక్రాలు ఆ నీళ్లనే అడుగుకు చిమ్ముతాయి. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది కాబట్టి పైకి ఎండినట్టున్న బురద అట్ట లోపల తడిగానే ఉంటుంది. అటు తిరిగొచ్చిన రోజే అడుగు కడిగేయండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం కుళాయి నీళ్లే వాడండి.

కడిగాక రెండు మూడు రోజులు ఎండలో పెట్టి, మ్యాట్లు, వాటి కింది గోనె అట్టలు తీసేయండి. తలుపుల కింది గుల్లకు అడుగున చిన్న చిన్న బెజ్జాలుంటాయి, నీరు పోవడానికి. వాటిని పాత సైకిల్ పుల్లతో పొడవండి. మా కారుకి మట్టి బిరడా ఊడగానే పానకంలాంటి ఎర్రటి నీళ్లు ధారగా కారాయి. వానపడి అప్పటికి ఆరు నెలలు.

కిందకి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, గట్టి స్టాండ్లు పెట్టండి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చినది చప్పగా పలుకుతుంది. వెనక స్ప్రింగు పట్టీలు బిగించిన చోటు, జాకీ పెట్టే చోటు, బ్రేకు పైపులు తప్పక చూడాలి. పైపు మీద తుప్పు గరుకు తగిలితే మార్పించేయండి. వెల్డింగ్ అవసరమైతే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, దగ్గర్లో పని ఉంటే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే.

తుప్పును వైరు బ్రష్‌తో మెరుపు వచ్చేదాకా గీకి, మిగిలిన మచ్చలకు కన్వర్టర్, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే మందు, రాసి, అది నల్లబడి ఆరాక ఎపాక్సీ ప్రైమర్ అనే తొలి పూత వేయండి. ఆ పైనే అండర్ కోటింగ్. గుల్లల లోపలికి మైనం రకం స్ప్రే మంచిది, సందుల్లోకి పాకుతుంది. బ్రేకు డ్రమ్ములకు, సైలెన్సర్‌కు, రబ్బరు బుష్‌లకు ఏదీ తగలనివ్వొద్దు. ఇప్పుడే తెరిచిన బెజ్జాలు మళ్లీ మూసుకుపోకుండా కోటింగ్ వేసేటప్పుడు పుల్లలు గుచ్చి ఉంచండి. పాత ఇంజనాయిలు, డీజిలు కొట్టించడం మన సర్వీసింగ్ షెడ్లలో పాత అలవాటు. ఆ జిడ్డు రబ్బరును పాడుచేస్తుంది, దుమ్మును పట్టేస్తుంది. నేను మానేశాను.

నీడ బాగుందని కొబ్బరితోటలో నిలపకండి, ఆ నేల ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఎత్తుగా, సిమెంటు చేసిన చోట, గాలాడేలా పెట్టండి. పాలిథిన్ పట్టా కప్పితే లోపల చెమట పడుతుంది.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు మ్యాటు ఎత్తి, నేల రేకు మీద అరచేయి ఆనించి చూడండి. ఎక్కడ తడి తగిలిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, మళ్లీ ఎండ కాసేదాకా మ్యాటు వేయకండి.