మందుచీటీలో రెండు గంటల అడవి

నిరుడు వేసవిలో నాకు నిద్ర పూర్తిగా కరువైంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, గుండె దడ. తెల్లారేదాకా తిరిగే ఫ్యానునే చూస్తూ ఉండేవాణ్ణి. చివరికి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మాత్ర రాసి, దాని కిందే ఇంకో మాట రాశారు: 'వారానికి రెండు గంటలు చెట్ల మధ్య. ఫోన్ వద్దు.'

ఆ రెండు గంటలు ఊరికే చెప్పింది కాదు. ఇంగ్లండులో సుమారు 20 వేల మంది వివరాలు చూసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లే తాము బాగున్నామని ఎక్కువగా చెప్పారు. జపాన్‌వాళ్లు 1982లోనే దీనికి 'షిన్రిన్ యోకు', అంటే అడవి స్నానం అని పేరు పెట్టారు.

మొదట ఆదివారం సాయంత్రం మా విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. జనం, హారన్లు, ముంత మసాలా బళ్లు. టెన్షన్ ఇంకా పెరిగింది. తర్వాతి వారం నుంచి పొద్దున్నే కంబాలకొండ అడవికి మారాను. హైవే పక్కనే ఉన్నా, లోపలికి నడిచేకొద్దీ లారీల రొద తగ్గిపోతుంది.

రెండు వారాలు ఏ తేడా లేదు. నడుస్తున్నా బుర్ర ఆఫీసులోనే. అప్పుడు ఒకచోట కూర్చుని, వినబడే శబ్దాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాను: పిట్ట, ఎండుటాకు, గాలి, మళ్లీ పిట్ట. నాకు పనిచేసింది ఇదే. నెల దాటాక ఓ రాత్రి అయిదింటిదాకా పడుకున్నాను!

మాత్ర మాత్రం సొంతంగా మానలేదు. ఆవిడే మెల్లగా తగ్గించారు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకేవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.