కోడ్ రాయనివాళ్లకు డేటా టూల్ తయారుచేస్తున్నారా? వరుసల లెక్క దాచకండి

మండల సమాఖ్యలో పుస్తకాలు చూసే అకౌంటెంటుకి, ఏఈఓకి (వ్యవసాయ విస్తరణాధికారికి), హైస్కూలు హెడ్మాస్టరుకి పైథాన్ లాంటి కోడ్ భాష రాకపోవచ్చు. లెక్క మాత్రం బాగా వచ్చు. ఒక్క అంకె తేడాగా కనిపించినా ‘ఇదెక్కణ్ణుంచి వచ్చింది?’ అని నిలదీస్తారు. ఇలాంటివాళ్ల కోసం టూల్ తయారుచేసేవాళ్లు శ్రమంతా కోడ్ కనపడకుండా చేయడం మీదే పెడతారు. తీరా వాడేవాళ్లు ఇరుక్కునేది వేరే చోట: ఫైల్లో ఉన్న వరుసల్లో కొన్ని ఎక్కడ జారిపోయాయో, ఎక్కడ రెట్టింపయ్యాయో తెలియదు. కింద చెప్పేవన్నీ ఆ ఇబ్బందిని తీర్చడానికే.

మెట్లా, పెట్టెలా?

కోడ్ లేని విశ్లేషణలో రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. స్లొవేనియాలోని లుబ్లియానా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆరెంజ్, జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో మొదలైన నైమ్ అనే టూళ్లు, పనికో పెట్టె పెట్టి ఆ పెట్టెలను తీగలతో కలిపే రకం. ఎక్సెల్‌లో ఉండే పవర్ క్వెరీది మెట్ల రకం. చేసిన ప్రతి పనీ పక్కన వరుసగా నమోదవుతుంది, ఏ మెట్టు మీద నొక్కితే అప్పటికి పట్టిక ఎలా ఉందో కనిపిస్తుంది. కొత్తవాళ్లకు మెట్లే మేలు. ఒకే డేటాను రెండు దారుల్లో నడపాల్సి వస్తేనే పెట్టెలు అవసరం. అంత అవసరం మామూలు ఆఫీసు పనిలో అరుదు.

ప్రతి మెట్టు పక్కనా మూడు అంకెలు చూపించండి: లోపలికి 4,812, బయటికి 4,655, ఆగినవి 157. ఆ 157 మీద నొక్కగానే ఆ వరుసలే తెరుచుకోవాలి. ఇది అలంకారం కాదు. 2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండులో 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం, వాడిన పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టకపోవడం. మిగిలినవి ఎవరికీ చెప్పకుండా ఆగిపోయాయి.

ఫైలు తెరిచేటప్పుడే సగం తప్పులు

కాలమ్ ఏ రకమో టూలే ఊహించాలి, కానీ ఊహను పైకి చెప్పాలి. కాలమ్ పేరు కింద ‘సంఖ్య’, ‘తేదీ’, ‘పాఠ్యం’, ‘గుర్తింపు నంబరు’ అని చిన్న బిళ్ల పెట్టి, దాని మీద నొక్కితే మార్చుకునే వీలివ్వండి.

గుర్తింపు నంబర్లను సంఖ్యలుగా చదవకండి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాస్తుంది, ఆపైవి సున్నాలవుతాయి. జావాస్క్రిప్టులోనూ 9,00,71,99,25,47,40,991 దాటితే నమ్మకం లేదు. బ్యాంకు ఖాతా నంబర్లు అంతకంటే పొడుగ్గా ఉండొచ్చు. ఒక్క విలువైనా 0125లా సున్నా వెంటే ఇంకో అంకెతో మొదలైతే, లేదా 15 అంకెలు దాటితే, లేదా కాలమంతా 6 అంకెలో 10 అంకెలో ఉంటే దాన్ని గుర్తింపు నంబరుగా పట్టుకోండి. పిన్‌కోడ్‌లకు ‘మొత్తం’, ‘సగటు’ చూపించే టూళ్లు ఇంకా ఉన్నాయి. చూస్తే నవ్వొస్తుంది, రిపోర్టులో వస్తే రాదు.

తేదీల సంగతి ఇంకా మొండిది. 03/04/2024 ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? అమెరికా సెట్టింగులున్న ఎక్సెల్ దీన్ని మార్చి నాలుగు చేసి, కిందున్న 25/04/2024ని పాఠ్యంగా వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో సగం తప్పు తేదీలు, సగం తేదీలే కానివి. వరుసకో నిర్ణయం కాకుండా కాలమ్‌కంతా ఒకే నిర్ణయం తీసుకోండి. మొదటి భాగంలో ఎక్కడైనా 12 దాటిన అంకె కనిపిస్తే రోజు ముందున్నట్టే. ఎక్కడా కనపడకపోతే ఊహించకండి, అసలు తేదీనొకటి చూపించి అడగండి.

ఖాళీ గడి వేరు, సున్నా వేరు. వర్షపాతం పట్టికలో ఖాళీ అంటే కొలవలేదని, సున్నా అంటే వాన పడలేదని. రెండూ కలిపేస్తే సగటు తప్పుతుంది. సగటు పక్కనే ‘31 రోజుల్లో 26 రోజుల కొలతలతో’ అని రాయించండి. అడ్డగీత, ‘లేదు’ లాంటివాటిని ఏమనుకోవాలో ఒకసారి అడిగి గుర్తుంచుకుంటే చాలు.

తెలుగున్న సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పాఠ్యపు ఫైలును) బయటికి ఇచ్చేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగుతో పాటు ముందు బీఓఎం అనే మూడు బైట్లు చేర్చండి. లేకుంటే ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినవాళ్లకు అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించొచ్చు, తప్పు మీ టూల్‌దే అనుకుంటారు.

కంటికి ఒకటే, కంప్యూటరుకి రెండు

‘మెదక్’ అని ఒకరు టైపు చేస్తారు. ఇంకొకరి కీబోర్డు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తును చేరుస్తుంది. తెరమీద తేడా లేదు, గ్రూపు చేస్తే రెండు మెదక్‌లు. ‘భీమ్’, ‘భీం’ కంటికి వేరైనా పలికేది ఒకటే, గ్రూపు చేస్తే ఇవీ రెండవుతాయి. పోల్చడానికి విడిగా ఒక తాళంపదం తయారుచేసుకోండి: కనపడని గుర్తులు, అదనపు ఖాళీలు, విరామచిహ్నాలు తీసేయండి, పదం చివరి ‘మ్’ను ‘ం’గా మార్చండి, తెలుగు అంకెలను మామూలు అంకెలు చేయండి. ఇదంతా తాళంపదంలోనే. చూపించే పాఠ్యంలో ఆ కనపడని గుర్తును తీసేస్తే ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో లేని ఒత్తు పుట్టుకొస్తుంది.

తాళంపదాలు కలిసినవాటిని టూల్ తనంతట తాను కలిపేయకూడదు. ‘ఈ రెండూ ఒకటేనా?’ అని జంటలుగా చూపించి, ఎన్ని వరుసలు మారతాయో చెప్పి, అవునో కాదో నొక్కించుకోవాలి. దీర్ఘాలను వదిలేసి పోల్చే తెలివి అసలే వద్దు. రామాపురం, రామపురం రెండు వేర్వేరు ఊళ్లు కావచ్చు.

రెండు పట్టికలు కలపడం

తెర మీద ఎక్కువ చోటు ఇవ్వాల్సింది దీనికే. ‘లెఫ్ట్ జాయిన్’, ‘ఇన్నర్ జాయిన్’ అనే పేర్లు వాడేవాళ్లకు ఏమీ చెప్పవు. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, కింద మూడు గంపలు చూపించండి: రెండింట్లో ఉన్నవి, ఎడమ పక్కనే ఉన్నవి, కుడి పక్కనే ఉన్నవి. ఏ గంప కావాలో టిక్ పెట్టించుకోండి. జాయిన్ రకం మీరే తేల్చుకోవచ్చు.

తెలంగాణ జిల్లాల 2018 నాటి పట్టికను 2023 నాటి పట్టికతో కలపాలనుకోండి. మొదటిదాంట్లో 31 వరుసలు, రెండోదాంట్లో 33. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఎడమ గంపలో అర్బన్, రూరల్ మిగులుతాయి. కుడి గంపలో ములుగు, నారాయణపేట, హనుమకొండ, వరంగల్ మిగులుతాయి. ఈ ఆరూ కనపడతాయి కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. అసలు ప్రమాదం బాగా కలిసిన గంపలో ఉంది. జయశంకర్ భూపాలపల్లి, మహబూబ్‌నగర్ పేర్లు రెండు పట్టికల్లోనూ ఉన్నాయి. కానీ ములుగు భూపాలపల్లిలోంచి, నారాయణపేట మహబూబ్‌నగర్‌లోంచి విడిపోయాయి. ఆ జిల్లాల్లో సాగు విస్తీర్ణం తగ్గినట్టు గ్రాఫు చూపిస్తుంది, తగ్గింది జిల్లా. దీన్ని ఏ తాళంపదమూ పట్టుకోలేదు. జిల్లా పేరున్న కాలమ్ గుర్తుపట్టగానే ‘ఈ పట్టిక ఏ సంవత్సరానిది?’ అని అడిగి, హద్దులు మారిన జిల్లాల పక్కన గుర్తు పెట్టేలా చేయండి. ఆంధ్రప్రదేశ్ డేటాకు 2022 ఏప్రిల్ 4 అలాంటి గీతే. ఆరోజు 13 జిల్లాలు 26 అయ్యాయి.

రెండో ముప్పు రెట్టింపులు. కుడి పట్టికలో ఒకే రైతు పేరు రెండుసార్లుంటే ఎడమ వరుస రెండవుతుంది, మొత్తం పెరుగుతుంది. కలిపాక వరుసలు పెరిగితే పసుపు పట్టీలో ‘4,655 వరుసలు 4,902 అయ్యాయి, కారణమైన పేర్లు ఇవి’ అని చెప్పండి.

గ్రాఫులు

నాలుగు చాలు: బార్, లైన్, చుక్కలది, హిస్టోగ్రామ్. ఒకే కొలబద్ద మీది స్థానాన్ని కన్ను బాగా పోల్చగలదని, కోణాన్ని అంత బాగా పోల్చలేదని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌ల్యాండ్, మెక్‌గిల్ 1984లోనే చూపించారు. ముక్కలుగా కోసిన వృత్తంలా ఉండే ‘పై’ చార్టు అడిగేవాళ్లుంటారు. ఇవ్వండి, ముక్కలు ఐదు దాటితే బార్ చూపించండి.

తెలుగు పేర్లకు అడ్డంగా సాగే బార్లే సుఖం. నిలువు బార్ల కింద పేర్లను వంచితే ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీదొకటి పడతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచకండి, వరుసల మధ్య మాత్రం ఇంగ్లిషుకంటే ఎక్కువ ఎడం ఇవ్వండి. పొడుగు పేరును పది కోడ్‌పాయింట్ల (యూనికోడ్ గుర్తుల) దగ్గర కోస్తే అక్షరం మధ్యలో తెగి పొల్లు మిగులుతుంది. జావాస్క్రిప్టులో అక్షరాలను విడదీసే ఇంట్ల్ సెగ్మెంటర్‌తో కోయండి. అక్షం మీద 10ఎం (పది మిలియన్లు) అని కాకుండా ‘1 కోటి’ అని రావాలి. ఎరుపు, ఆకుపచ్చ జంట తేడా తెలియనివాళ్లున్నారు, నీలం, నారింజ వాడండి.

వేగం, నమూనా

నొక్కిన ఒక సెకను లోపల ఏదో ఒకటి కదలాలి, పది సెకన్లు దాటేలా ఉంటే ఎంత అయిందో చూపించి ఆపే బటన్ ఇవ్వాలి. పెద్ద ఫైళ్లకు ముందు నమూనా మీద ఫలితం చూపించడం మంచి ఉపాయమే. కానీ మొదటి వెయ్యి వరుసలు తీసుకుంటే, జిల్లాల వారీగా పేర్చిన ఫైల్లో అన్నీ ఆదిలాబాద్‌వే వస్తాయి. ఫైలంతటి నుంచీ యాదృచ్ఛికంగా ఏరండి, ‘ఇది నమూనా’ అని గ్రాఫు మీదే రాయండి.

పరీక్ష

‘టూల్ నచ్చిందా?’ అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు. అసలు వాడేవాళ్లలో ఐదుగురిని కూర్చోబెట్టి, మీరే తప్పులు నాటిన ఫైలు ఇవ్వండి: రెండు రకాల తేదీలు, ఖాళీలు, రెండు మెదక్‌లు, రెట్టింపైన పది వరుసలు. ఏ మండలంలో ఎంత అప్పు బాకీ ఉందో చెప్పమనండి. మీరు నోరు మెదపకండి. సరైన జవాబు వచ్చిందా అన్నది ఒకటి. తప్పు జవాబు వచ్చినప్పుడు వాళ్లకు అనుమానం కలిగిందా అన్నది అంతకంటే ముఖ్యం. అనుమానం రాకుండా తప్పు జవాబు రాసిచ్చిన ప్రతి చోటా వరుసల లెక్క ఎక్కడ కనపడలేదో వెతకండి.

చివరిగా, అదే మెట్లను వచ్చే నెల ఫైలుతో నడిపించి చూడండి. ‘బాకీ’ అనే కాలమ్‌కు ఈసారి ‘బాకీ మొత్తం’ అని పేరుంటుంది. టూల్ ఎర్రర్ నంబరు చూపించి ఆగిపోకూడదు. ‘నాలుగో మెట్టుకు బాకీ కావాలి, ఈ ఫైల్లో లేదు, బాకీ మొత్తం వాడనా?’ అని అడగాలి.